కాకిబంగారం దారిలో... ఎక్స్‌రే కథ!

గూడూరు నుంచి సైదాపురం వైపు వెళ్తుంటే రోడ్డు పక్కన నేల తళుక్కుమంటుంది. ఎవరో అద్దాలు పగలగొట్టి చల్లారేమో అనిపిస్తుంది. వంగి తీసుకుంటే గోటితోనే పొరలు పొరలుగా ఊడొస్తుంది. పిల్లలు దాన్ని కాకిబంగారం అంటారు. పాఠం పుస్తకంలో పేరు అభ్రకం, వ్యాపారుల నోట మైకా. నెల్లూరు అభ్రకానికి ఓ లేత ఆకుపచ్చ ఛాయ ఉంటుంది. ఆ రంగుతోనే దానికి ప్రపంచ మార్కెట్లో గుర్తింపు.

పంతొమ్మిదో శతాబ్దం చివర్లో మొదలైన తవ్వకాలు గూడూరు, సైదాపురం, రాపూరు, పొదలకూరు ప్రాంతాలకు చాలాకాలం అన్నం పెట్టాయి. పాత ఇస్త్రీపెట్టె విప్పితే లోపల కనిపించే పలుచని రేకు ఈ జాతిదే. కరెంటును ఆపుతుంది, వేడికి కాలదు. తర్వాత గిరాకీ పడిపోయి చాలా గనులు మూతపడ్డాయి. గుట్టలుగా పోసిన మట్టి మాత్రం ఇప్పటికీ మెరుస్తూనే ఉంది.

ఈ మెరుపు రేకుకీ ఆసుపత్రిలో తీసే ఎక్స్‌రేకీ సంబంధం ఉందంటే నమ్ముతారా? 1912లో కేంబ్రిడ్జిలో లారెన్స్ బ్రాగ్ అనే ఇరవై రెండేళ్ల కుర్రాడు అభ్రకం రేకు మీదికి ఎక్స్ కిరణాలు పంపాడు. అద్దం మీద వెలుగులా అవి తిరిగొచ్చాయి. ఆ కిటుకుతో మరుసటి ఏడాది ఆయన తండ్రి విలియం బ్రాగ్ ఎక్స్ కిరణాలను శక్తిని బట్టి విడదీసి చూసే స్పెక్ట్రోమీటర్ తయారుచేశాడు. 1915లో నోబెల్ బహుమతి తండ్రీకొడుకులిద్దరికీ కలిపి వచ్చింది. ఎండలో ఏడు రంగులున్నట్టే ఎక్స్‌రేలోనూ రకరకాల శక్తుల కిరణాలు కలగలిసి ఉంటాయని అలా తేలింది. ఆ కలగలుపు పట్టికే స్పెక్ట్రమ్.

దాంతో మనకేం పని అంటారా? ఉంది. ఛాతీ ఎక్స్‌రే తీసేటప్పుడు గొట్టంలోంచి వచ్చే కిరణాల్లో బలహీనమైనవి ఒంటిని దాటి అవతలికి పోలేవు. చర్మంలోనే ఇంకిపోతాయి. బొమ్మకు పనికిరావు, డోసు మాత్రం పెంచుతాయి. అందుకే గొట్టం ముందు రెండు మూడు మిల్లీమీటర్ల అల్యూమినియం రేకు అడ్డం పెడతారు. పిండి జల్లెడ పట్టినట్టే, ఇక్కడా పనికొచ్చేదే జల్లెడ దాటుతుంది. ఆ రేకు సరిగ్గా ఉందో లేదో చెప్పేది స్పెక్ట్రమే. కానీ దాన్ని నేరుగా కొలవడం తేలిక కాదు. కిరణాలు వరదలా వచ్చిపడితే డిటెక్టరు ఒక్కోదాన్నీ లెక్కపెట్టలేదు. సీసపు పలకలో సూదిమొనంత రంధ్రం చేసి, దూరంగా నిలబెట్టి కొలవాల్సిందే. మామూలు తనిఖీల్లో అంత శ్రమ పడరు. అల్యూమినియం రేకులు ఒక్కోటి అడ్డుపెడుతూ కిరణం సగానికి ఎక్కడ తగ్గిందో చూస్తారు.

ఇక డోసు సంగతి. ఒక్క ఛాతీ ఎక్స్‌రేతో ఒంటికి చేరేది 0.1 మిల్లీసీవర్ట్ లోపే. నేల నుంచీ ఆకాశం నుంచీ గాలి నుంచీ ఏడాదిలో మనిషికి సహజంగా అందేది ప్రపంచ సగటున 2.4. ఛాతీ సీటీ స్కాన్ అయితే ఒక్కసారికే ఆరేడు! ఎక్స్‌రే అనగానే హడలిపోయేవాళ్లు, ఊరు మారినప్పుడల్లా మళ్లీ స్కాన్ తీయించుకోవడానికి వెనకాడరు. పాత ఫిల్ములు దాచుకుంటే చాలు, సగం బెడద తప్పుతుంది. యంత్రం దగ్గర పనిచేసేవాళ్లకు ఏడాదికి ఇంతేనని పరిమితి ఉంది, రోగికి లేదు. అవసరమా కాదా అన్న డాక్టరు మాటే హద్దు. టెక్నీషియన్ జేబుకి తగిలించుకునే టీఎల్‌డీ బ్యాడ్జీలోని బిళ్లలను మూడు నెలలకోసారి వేడిచేస్తారు. అవి తిన్న రేడియేషన్‌ను బట్టి వెలుగు వస్తుంది. రేడియేషన్ పసిగట్టే గైగర్ గొట్టాల్లో చాలావాటి ముందుండే పల్చటి కిటికీ... అభ్రకమే!

ఈ నేల మీద ఎక్స్‌రేకి ఇంకో పనీ ఉంది. రాతిధూళి పీల్చినవాళ్ల ఊపిరితిత్తుల్లో సిలికోసిస్ జాడ పట్టేది ఛాతీ ఎక్స్‌రేనే. గనుల్లో పనిచేసేవారికి అయిదేళ్లకోసారి ఆ పరీక్ష జరగాలని నిబంధన. మూతపడ్డ గనుల గుట్టల మీద ముక్కలు ఏరుకునేవాళ్లు మాత్రం ఏ రిజిస్టరులోనూ ఉండరు. 0.1 మిల్లీసీవర్ట్ గురించి భయపడాల్సిన చోటు అది కాదు. ఎక్స్‌రే తీయకపోవడమే అక్కడ నష్టం.

హైవే ఎక్కి నాయుడుపేట దాటితే సూళ్లూరుపేట. అక్కడ తూర్పుకి తిరిగితే రెండువైపులా పులికాట్ నీళ్లు, మధ్యలో రోడ్డు. చలికాలంలో ఎర్రకాళ్ల రాజహంసలు బారులు తీరి ఉంటాయి. ఆ చివర శ్రీహరికోట. ఒకప్పుడు యానాదులు బతికిన దీవి. 1969లో రాకెట్ కేంద్రానికి ఎంపికై, 1971 అక్టోబరులో తొలి రోహిణి రాకెట్‌ను ఎగరేసింది. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు తిరుపతి జిల్లాకి వెళ్లింది గానీ, జనం నోట ఇంకా నెల్లూరు కోటే.

ఇక్కడ రాకెట్లకీ ఎక్స్‌రే తీస్తారు. ఘన ఇంధనం పోతపోసిన మోటారులో చిన్న పగులున్నా ప్రయోగం బూడిదే. పీఎస్‌ఎల్‌వీ మొదటి దశ వ్యాసం 2.8 మీటర్లు. అంత లావు ఇంధనం గుండా పోవాలంటే ఆసుపత్రి యంత్రం చాలదు, లీనియర్ యాక్సిలరేటర్ కావాలి.

2024 జనవరి 1న ఉదయం 9.10కి ఊళ్లన్నీ కొత్త సంవత్సరం సందడిలో ఉండగా ఎక్స్‌పోశాట్ ఇక్కణ్నుంచే లేచింది. అందులోని ఎక్స్‌స్పెక్ట్ పరికరం పని నింగిలోని ఎక్స్ కిరణాల స్పెక్ట్రమ్ కొలవడం. నాలుగు రోజులకే కాసియోపియా-ఎ అనే పేలిన నక్షత్రపు శిథిలాన్ని చూసి మెగ్నీషియం, సిలికాన్, గంధకం, కాల్షియం, ఇనుముల ఆనవాళ్లు పట్టింది. ఆసుపత్రిలో కిరణాలు మరీ ఎక్కువై కొలవడం కష్టం. అక్కడ మరీ తక్కువై, ఒక్కోదాని కోసం కాచుకు కూర్చోవాలి.

ప్రయోగం చూడాలనుకునేవాళ్లు ముందే ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవాలి, 2019 నుంచి సందర్శకుల గ్యాలరీ ఉంది. చెన్నై నుంచి సూళ్లూరుపేటకి రైల్లో దాదాపు 80 కిలోమీటర్లు. అక్టోబరు-మార్చి మధ్య వెళ్తే పక్షులూ కనిపిస్తాయి. గూడూరులో దిగి సైదాపురం దారి చూసొస్తే, పిల్లల జేబుల్లో కాకిబంగారం ముక్క ఒకటైనా ఇంటికొస్తుంది.