మా బ్యాచ్ లెక్క

యాభై ఏళ్ల వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయండన్నా అని హాస్టల్ తమ్ముళ్లు ఫోన్ చేసినప్పుడు, 2004 పదో తరగతి బ్యాచ్ వాళ్లం నలుగురం కూర్చుని చాలాసేపు ఆలోచించాం. సాంబారులో నీళ్ల గురించి, వార్డెన్ సారు బెత్తం గురించి, సెకండ్ షోకు గోడ దూకడం గురించి మిగతా బ్యాచ్‌ల వాళ్లు ఎలాగూ రాస్తారు. మేము మార్కుల గురించి రాద్దామనుకున్నాం. మార్కులు పెద్దగా వచ్చినవాళ్లం కాదు కాబట్టి, ఆ హక్కు మాకే కాస్త ఎక్కువ ఉంది.

మన హాస్టల్‌కూ, మనం చదివిన జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలకూ మధ్య ఒక్క గోడే అడ్డం. 1999 జూన్‌లో ట్రంకు పెట్టెలతో ఆరో తరగతిలో దిగాం. వార్డెన్ గది బయట బోర్డు మీద సీట్ల లెక్క రాసి ఉండేది. వందలో 70 ఎస్సీలకు, 12 క్రైస్తవంలోకి మారిన ఎస్సీలకు, 9 బీసీలకు, 5 ఎస్టీలకు, 4 ఇతరులకు. ఆ చివరి నాలుగు సీట్లలో ఎవరైనా చేరతారేమోనని ఐదేళ్లు చూశాం. ఎవరూ రాలేదు.

గోడ అవతల బడిలో అలాంటి బోర్డు లేదు. అయినా అక్కడా ఎవరెవరుండాలో ఎవరో నిర్ణయించినట్టే ఉండేది. మేము ఏడో తరగతికి వచ్చేసరికి ఊళ్లో కాస్త భూమీ పుట్రా ఉన్నవాళ్ల కొడుకులు పొద్దున్నే కాన్వెంటు బస్సెక్కి టౌనుకు పోవడం మొదలుపెట్టారు. వాళ్ల అక్కచెల్లెళ్లు మాత్రం మా బడిలోనే ఉండిపోయారు. ఇంట్లో ఒక ఫీజుకే డబ్బులుంటే అది ఎవరికి కడతారో మాకు అప్పుడే తెలిసింది. ఇక మిగిలింది తండాల నుంచి నడిచొచ్చే పిల్లలు, ఊళ్లోని బీసీల పిల్లలు, హాస్టలోళ్లం. మధ్యాహ్నం బెల్లు కొడితే మేము అన్నానికి గోడ ఇవతలికి ఉరికేవాళ్లం. తండా పిల్లలు చెట్టు కింద సద్ది విప్పేవాళ్లు. సద్ది తేనివాళ్లు బోరింగు దగ్గర నీళ్లు తాగేవాళ్లు. 2003 జనవరిలో బడుల్లో మధ్యాహ్న భోజనం మొదలైంది గానీ, అది ప్రైమరీ పిల్లలకే.

మాది అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా. 2001 జనాభా లెక్కల్లో మన జిల్లా అక్షరాస్యత 44 శాతం, ఉమ్మడి రాష్ట్రంలో అన్ని జిల్లాల కన్నా తక్కువ. ఈ సంగతి సోషల్ సారు చెప్పినప్పుడు, ఆ లెక్క మా అమ్మానాన్నల గురించేనని ఆయనకూ తెలుసు, మాకూ తెలుసు. అందుకే ఎవరం తలెత్తలేదు.

తొమ్మిదో తరగతిలో లెక్కల సారు బదిలీ అయ్యారు. ఆ పోస్టు ఏడాదంతా ఖాళీ. చివర్లో ఒక విద్యా వాలంటీరు వచ్చి, పోర్షన్ పూర్తి చేయాలన్న తొందరలో త్రికోణమితిని పది రోజుల్లో ముగించారు. పదిలోకి వచ్చాక ప్రతి సోమవారం ప్రార్థనలో ఒకటే మాట: "హాస్టల్ పిల్లల వల్లనే మన బడి పర్సంటేజీ పడిపోతున్నది." వరుసలో మేము ఎడమ చివర నిలబడేవాళ్లం. బడి మొత్తం అటు తిరిగి చూసేది.

మాలో లెక్కలు వచ్చినవాడు ఒక్కడున్నాడు. స్టడీ అవర్‌లో ట్యూటర్ కునుకు తీస్తుంటే వాడు బొగ్గుతో గోడ మీద లెక్కలు చేసి చూపేవాడు. వాడి పేరు ఇక్కడ రాయొద్దన్నాడు, రాయడం లేదు. 2003 దసరా సెలవులకు ఊరికి పోయినవాడు తిరిగి రాలేదు. వాళ్ల నాన్న బొంబాయిలో పనిచేస్తూ పైనుంచి పడ్డాడట, కాలు విరిగింది. గుంపు మేస్త్రీ దగ్గర తీసుకున్న బయానా ఇంకా తీరలేదు. మనిషికి బదులు మనిషి పోవాలి కదా, కొడుకు పోయాడు.

మొదట్లో హాజరు పిలిచేటప్పుడు వాడి పేరు రాగానే మాలో ఒకడు గొంతు మార్చి "ప్రజెంట్ సార్" అనేవాడు. మూడు వారాలు నడిచింది. నాలుగో వారం దొరికిపోయాం. వీపులు వాచాయి. ఆ తర్వాత వాడి పేరు వచ్చినప్పుడు మేమంతా కిందికి చూసేవాళ్లం.

సంక్రాంతి ముందు వాడు వచ్చాడు. చేతులు సిమెంటుకు పగిలిపోయి ఉన్నాయి. హాజరు చాలదు, పేరు పంపలేదు, వచ్చే ఏడాది రాయమన్నారు. మా క్లాసులోనే ఇంకొకడికి అంతకంటే తక్కువ రోజులున్నా, డాక్టరు సర్టిఫికెట్ తెచ్చిపెడితే సరిపోయింది. ఆ దారి వాడికెవరూ చెప్పలేదు. మాకు తెలిసేసరికి వాడు పెట్టె భుజానికెత్తుకున్నాడు. "మీరు రాయున్రి, నేను వచ్చేయేడు రాస్త" అని బస్సెక్కాడు.

పదకొండు పేపర్లు రాశాం. ఫలితాలొచ్చాయి. బడి మొత్తం 41 మంది రాస్తే 27 మంది పాసయ్యారు. పేపరు పెన్సిలు పట్టుకుని విడగొట్టి చూశాం. హాస్టలోళ్లం 17 మందిలో 12, మిగతావాళ్లు 24 మందిలో 15. అంటే మాది 70 శాతం దాటింది, వాళ్లది 62. పర్సంటేజీని కిందికి గుంజింది మేము కాదు! ఆ కాగితం పట్టుకుని ఊరంతా తిరిగాం. ఫెయిలైన ఐదుగురు కూడా మాతోపాటు తిరిగారంటే మా సంబరం ఎంతటిదో చూడండి.

ఆ కాగితం వంటింట్లో పెద్దమ్మకు కూడా చూపించాం. ఆమెకు చదువు రాదు. చదివి వినిపిస్తే గంటె పక్కనపెట్టి అడిగింది: "మీరు ఆరుల వచ్చినప్పుడు ఇరవై ఆరు తలెలల్ల పెట్టిన గద బిడ్డా. తక్కినోళ్లు ఏరి?"

మాకు సమాధానం రాలేదు. రాత్రి కూర్చుని లెక్కేశాం. ఇద్దరికి గురుకులంలో సీటొచ్చింది. ఒకడు వాళ్ల ఊరి దగ్గరి హాస్టల్‌కు మారాడు. ఆరుగురు పనికి పోయారు, అందులో లెక్కలవాడు ఒకడు. ప్రార్థనలో మమ్మల్ని తిట్టినవాళ్లు పరీక్ష రాసినవాళ్లనే లెక్కపెట్టారని కోపం తెచ్చుకున్న మేము, గెలిచామని చెప్పుకోవడానికి ఆ లెక్కనే వాడుకున్నాం. 26లో 12 అని రాస్తే సగం కూడా కాదు. ఆ కాగితం తర్వాత ఎవరికీ చూపలేదు.

మన తర్వాతి తమ్ముళ్లకు కొన్ని దారులు తెరుచుకున్నాయి. 2008లో బాసర ట్రిపుల్ ఐటీ వచ్చింది. 2012లో పదిలో గ్రేడ్లు మొదలయ్యాక, ఆ సీట్లకు రెసిడెన్షియల్ కాని సర్కారు బడుల్లో చదివినవాళ్లకు 0.4 పాయింట్లు కలిపారు. హాస్టల్‌లో పడుకున్నా మన బడి రెసిడెన్షియల్ కాదు కదా! ఇన్నాళ్లూ మమ్మల్ని తిట్టించిన ఆ గోడ మొదటిసారి పనికొచ్చింది.

మొన్న ఈ వేడుకలకు బ్యాచ్‌ల వారీగా పేర్ల జాబితా తయారుచేస్తుంటే, బడి రికార్డు నుంచి మా బ్యాచ్ కింద 17 పేర్లు ఎక్కించారు. మేము వెళ్లి 26 గీతలు గీయమన్నాం. లెక్కలవాడికి ఫోన్ చేశాం. ఇప్పుడు పుణెలో సెంట్రింగ్ పని చేయిస్తున్నాడు, తన కింద పన్నెండు మంది ఉన్నారట. "నేను పది రాయలేదు గదరా, నా పేరు ఎట్ల ఏస్తరు?" అన్నాడు. మరుసటి రోజు చందా కింద రెండు వేలు పంపాడు. కూతురు తొమ్మిదో తరగతట, అక్కడి బడిలోనే. లెక్కలు తనే చెప్తాడట.

జాబితాలో ఇప్పటికి 23 పేర్లు నిండాయి. పనికి పోయిన ఆరుగురిలో ముగ్గురి జాడ ఇంకా దొరకలేదు. వెనక అట్ట లోపలి పేజీలో మా బ్యాచ్ కింద మూడు గీతలు ఖాళీగా వదిలాం. వాళ్ల జాడ మీలో ఎవరికైనా తెలిస్తే, ముందు హాస్టల్ ఆఫీసులో చెప్పండి. తర్వాత మీ దగ్గరున్న సంచికలో ఆ పేర్లు మీరే రాసుకోండి.