ముఖం లేని ఫొటోలు

టోక్యో వీధిలో ఫోన్‌తో ఫొటో తీస్తే ఆ సంగతి చుట్టుపక్కల నలుగురికీ తెలిసిపోతుంది. ఫోన్‌ని సైలెంట్‌లో పెట్టినా క్లిక్‌మని శబ్దం రావాల్సిందే. జపాన్‌లో అమ్మే ఫోన్లలో చాలావాటికి ఆ చప్పుడు ఆపే వీలుండదు. అలా ఉండాలని చట్టమేమీ లేదు. 2000 ప్రాంతంలో కెమెరా ఫోన్లు వచ్చిన కొత్తలో, వాటితో దొంగచాటుగా ఆడవాళ్ళ ఫొటోలు తీసేవాళ్ళు తయారవుతారని భయపడి ఫోన్ల కంపెనీలు తమకు తాము పెట్టుకున్న కట్టుబాటది. ఇప్పటికీ నడుస్తోంది.

వీధులు పట్టుకు తిరుగుతూ ఫొటోలు తీసే సరదా ఉన్న నాలాంటివాడికి ఇదో వింత ఊరు. ఎటు చూసినా తీయాలనిపించే దృశ్యమే. తీయబోతే మాత్రం వేలు ఆగిపోతుంది!

మేముండేది నిషి-కసాయ్‌లో. 2000 ముందు కంప్యూటర్లలో తేదీలు సరిచేయడానికి మనదేశం నుంచి వచ్చిన ఇంజినీర్లు చాలామంది ఇక్కడే ఇళ్ళు తీసుకున్నారు. తోజాయ్ లైన్ రైలెక్కితే ఆఫీసులుండే ఓతెమాచికి నేరుగా వెళ్ళిపోవచ్చు మరి. అప్పట్నుంచి ఇది మనవాళ్ళ పేటగా పేరుపడింది. సాయంత్రం పార్కులో కాసేపు కూర్చుంటే తమిళం, హిందీతోపాటు మన తెలుగూ వినిపిస్తుంది. ఆ తోజాయ్ లైన్ రద్దీ గురించి ఎంత చెప్పినా తక్కువే. 2019లో ఉదయంవేళ పట్టాల్సినవాళ్ళకి దాదాపు రెట్టింపు మంది ఎక్కేవారని లెక్క తేలింది.

నిద్రపోయే మనిషి

అంత రద్దీలోనూ జపానువాళ్ళు నిద్రపోతారు. కూర్చున్నవాళ్ళు సరే, నిలబడి హ్యాండిల్ పట్టుకునీ కునుకు తీస్తారు. తమ స్టేషన్ పేరు వినపడగానే ఎవరో తట్టి లేపినట్టు లేచి దిగిపోతారు. సూటూ బూటూ వేసుకుని, బ్యాగు ఒళ్ళో పెట్టుకుని, నోరు కాస్త తెరిచి నిద్రపోయే పెద్దమనిషి ఏ పెట్టెలో చూసినా ఒకరుంటారు. మనవాళ్ళకి ఆ ఫొటో పంపిస్తే తెగ నవ్వుకుంటారు. ‘ఒక్కటి తీసి పెట్టవోయ్’ అని హైదరాబాద్ నుంచి మా బావ ఎన్నిసార్లు అడిగాడో!

కానీ ఆయన రాత్రి ఎన్నింటికి ఇల్లు చేరాడో, పొద్దున్న ఎన్నింటికి లేచాడో మనకేం తెలుసు? ఊరూపేరూ తెలియని ఆ మనిషి, తనకు తెలియకుండానే సముద్రాల అవతల వందల ఫోన్లలో నవ్వులపాలు కావాలా?

జపాన్ కోర్టులు దీని గురించి ఎప్పుడో ఆలోచించాయి. ఊరేగింపులో విద్యార్థులను పోలీసులు ఫొటో తీసిన కేసులో, అనుమతి లేకుండా తన రూపాన్ని ఎవరూ ఫొటో తీయకుండా చూసుకునే స్వేచ్ఛ ప్రతి ఒక్కరికీ ఉంటుందని 1969లోనే అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసులో పోలీసుల తప్పు లేదని తేలినా, ఆ మాట నిలిచిపోయింది. గింజా వీధిలో నడిచివెళ్తున్న ఒక మహిళను ఆమెకు చెప్పకుండా ఫొటో తీసి వెబ్‌సైట్లో పెట్టినందుకు, పరిహారం చెల్లించాలని 2005లో టోక్యో జిల్లా కోర్టు తీర్పిచ్చింది. వీధి అందరిదీ. ముఖం మాత్రం ఎవరిది వాళ్ళదే!

అడిగి తీసిన బామ్మ

ఫొటో తీయడమే కాదు, తీయించుకోవడం ఎలా ఉంటుందో కూడా ఇక్కడే తెలిసింది. ఒక ఉగాదికి మా ఆవిడ పట్టుచీర కట్టుకుంది. పాపకి పరికిణీ వేసింది. స్టేషన్ మెట్ల దగ్గర ఎవరో పర్యాటకుడు పెద్ద కెమెరాతో ముఖాల మీదే టకటకా నాలుగు ఫొటోలు తీసుకుని వెళ్ళిపోయాడు. పాప వాళ్ళమ్మ కుచ్చిళ్ళ వెనక దాక్కుంది. మా ఆవిడ దారంతా మాట్లాడలేదు. ‘మనమేమన్నా జూలో ఉన్నామా?’ అంది చివరికి.

అదేరోజు తిరిగొస్తుంటే ఓ జపాన్ బామ్మగారు ఎదురొచ్చారు. చీర చూసి ఆగిపోయారు. చేతిలోని చిన్న కెమెరా చూపించి, నడుం వంచి, ‘తీసుకోనా?’ అన్నట్టు సైగ చేశారు. మా ఆవిడ పాపని ముందుకు తెచ్చి, చెంగు సర్దుకుని మరీ నిలబడింది. రెండు వారాల తర్వాత ఆ బామ్మగారే మార్కెట్లో కనిపించి, సంచిలోంచి కవరు తీసి ఇచ్చారు. అందులో ఆ ఫొటో ప్రింటు ఉంది. ఎప్పుడు కనిపిస్తామో తెలియక అన్నిరోజులూ వెంటబెట్టుకుని తిరిగారట! ఇప్పుడది మా ఇంట్లో దేవుడి గూటి పక్కనే ఉంది.

మరి అందరూ అడిగే తీయాలంటే నిజమైన వీధి ఎక్కడ కనిపిస్తుంది? అడగ్గానే ఎవరైనా జుట్టు సర్దుకుంటారు, నవ్వు పులుముకుంటారు. ఈ మాటలోనూ న్యాయం ఉంది. 1901లో టోక్యోలోనే పుట్టిన కిమురా ఇహెయ్ చిన్న లైకా కెమెరా చేతబట్టి పాతపేటల్లో మామూలు జనాన్ని వాళ్ళ పనుల్లో ఉండగానే తీశారు. 1945 మార్చిలో బాంబుల మంటల్లో ఆ పేటలు చాలావరకు బూడిదయ్యాయి. అప్పటి బతుకు చూడాలంటే నేటి తరానికి అలాంటి ఫొటోలే దిక్కు. ఆయన పేరుమీద 1975 నుంచి ఇస్తున్న అవార్డును అక్కడి ఫొటోగ్రాఫర్లు గొప్పగా భావిస్తారు. అయితే ఆయన కాలంలో ఫొటో పుస్తకంలోనో పత్రికలోనో ఉండేది. ఇప్పుడు క్షణంలో ప్రపంచమంతా తిరిగొస్తుంది. వెనక్కి పిలిస్తే రాదు.

ముఖాలు వదిలేసి చూస్తే...

అందుకే ముఖాలు వదిలేసి చూడటం మొదలుపెట్టాను. అప్పుడు ఊరు ఇంకా బాగా కనిపించింది. పసుపు టోపీలు, వీపుమీద పెట్టెల్లాంటి బ్యాగులతో బడికి నడిచే పిల్లల వరస వెనకనుంచే ముచ్చటగా ఉంటుంది. రోడ్డు దాటేటప్పుడు అందరి చేతులూ గాల్లోనే! రోడ్డుమీద దొరికిన చేతితొడుగును ఎవరో తీసి పక్కనున్న కమ్మీకి తగిలిస్తారు, పోగొట్టుకున్నవాళ్ళ కంటబడాలని. క్లినిక్ గుమ్మంలో చెప్పులన్నీ తిరిగి వెళ్ళేటప్పుడు కాళ్ళు దూర్చడానికి వీలుగా బయటివైపు తిరిగి ఉంటాయి. ఎండ కాస్తే చాలు బాల్కనీలనిండా పరుపులు ఆరతాయి. సాయంత్రం ఐదింటికి స్తంభాలమీది మైకుల్లో పాట వస్తుంది. భూకంపాల్లాంటి ప్రమాదాలప్పుడు హెచ్చరించే మైకులు పనిచేస్తున్నాయో లేదో చూడటానికట. పిల్లలకు మాత్రం అది ఇంటికెళ్ళే గంట. పార్కులో ఆటలు ఆగిపోతాయి. పొడవాటి నీడలు ఇళ్ళవైపు నడుస్తాయి. ఆ నీడలు చాలు నాకు!

మీరూ జపాన్ వెళ్తే కెమెరా తప్పకుండా తీసుకెళ్ళండి. క్యోటోలో గెయిషాలుండే గియోన్ పేటలో మాత్రం బోర్డులు చూసుకోండి. ఆ కళాకారిణుల వెంటపడి ఫొటోలు తీసే పర్యాటకుల బాధ పడలేక, అక్కడి సొంత సందుల్లో అనుమతి లేకుండా ఫొటోలు తీస్తే 10,000 యెన్లు కట్టాలని 2019లో స్థానికులు బోర్డులు పెట్టారు.

ఎవరి ముఖమైనా మరీ నచ్చితే దానికో సులువైన మార్గం ఉంది. కెమెరా చూపించి, కొద్దిగా తలవంచి అడగండి. చాలామంది సరేనంటారు. వద్దంటే నవ్వేసి ముందుకు సాగిపోండి. వీలైతే ఒక ప్రింటు తీసి వాళ్ళకీ ఇవ్వండి. దేవుడి గూటి పక్కన చోటు దక్కించుకునేది అలాంటి ఫొటోనే!