నలభై నంబరా? తొంభై నంబరా?



ఈసారి గోడపత్రికకు ఏం రాయాలా అని చాలా రోజులు ఆలోచించాను. మన వాళ్లు పాటలు, పొడుపు కథలు, కొండల మీద కవితలు ఇచ్చారు. నాకు కవిత్వం రాదు. అందుకని నేను చేసిన ఒక తప్పు గురించి రాస్తున్నాను. ఆ తప్పు పడవ ఇంజనులో పోసే ఆయిలు గురించి. నవ్వితే నవ్వండి గానీ చివరిదాకా చదవండి.

మాది శబరి, గోదావరి కలిసే కూనవరానికి కింద, గోదారి ఒడ్డున వున్న చిన్న వూరు. మా అయ్యకు ఒక ఇంజను పడవ వుంది. సంతకు పోయేవాళ్లను, జ్వరమొచ్చినవాళ్లను, బియ్యం మూటలను దాటిస్తాడు. ఆ ఇంజను నాకంటే వయసులో పెద్దది. ఒకటే సిలిండరు, పది హార్స్ పవర్. హ్యాండిల్ వేసి గట్టిగా తిప్పితేనే స్టార్టవుతుంది. మొదట అది పొలానికి నీళ్లు తోడిన డీజిలు ఇంజను. మా తాత దాన్ని సెకండ్ హ్యాండులో కొని పడవలో బిగించాడు.

2022 జూలైలో వచ్చిన వరద మీకు గుర్తుండే వుంటుంది. భద్రాచలం దగ్గర 53 అడుగులకే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. ఆసారి 71 అడుగులు దాటింది. మేమందరం గుట్ట ఎక్కాం. పడవ మునిగి, ఇంజనులోకి బురద నీళ్లు పోయాయి. కూనవరం మేస్త్రీ దాన్ని మొత్తం విప్పి కడిగి మళ్లీ నడిపించాడు. అప్పట్నుంచి అది ఆయిలు కొంచెం ఎక్కువ తాగుతుంది. మా అయ్య రోజూ పొద్దున్నే పుల్ల తీసి గుడ్డతో తుడిచి, మళ్లీ పెట్టి లెవలు చూసేవాడు.

పోయిన వేసవి సెలవుల్లో ఒకరోజు అయ్య నాకు డబ్బులిచ్చి, "కూనవరం పోయి నలభై నంబరు ఇంజనాయిలు తే. నాకు చదువు రాదు, నువ్వు చదువుకుంటున్నావు గదా, డబ్బా మీద రాసింది చూసి తే" అన్నాడు.

షాపులో నలభై నంబరు డబ్బా వుంది. దాని పక్కనే తొంభై నంబరు డబ్బా ఒకటి వుంది. దాని ధర తక్కువ. నేను లెక్క వేశాను. నలభై కంటే తొంభై పెద్దది. పెద్ద నంబరంటే చిక్కటి ఆయిలు. పాత ఇంజనుకు చిక్కటిదే మంచిదని మా వూళ్లో అందరూ అంటారు. అంటే తక్కువ డబ్బులకు ఇంకా మంచి ఆయిలు వస్తుందన్నమాట! షాపాయన "ఏ బండికి బాబూ?" అని అడిగాడు కూడా. నేను "మా అయ్య చెప్పాడు, ఇదే కావాలి" అన్నాను. మిగిలిన అరవై రూపాయలతో బంతి కొనుక్కున్నాను. ఇంట్లో మాత్రం లెక్క సరిపోయిందని చెప్పాను.

అయ్య డబ్బా చూశాడు. అంకెలు కూడా ఆయనకు సరిగా రావు. నా మీద నమ్మకంతో పోశాడు. లెవలు తగ్గినప్పుడల్లా అదే పోస్తూ వచ్చాడు.

నెల తిరక్కముందే పొగ గొట్టంలోంచి నీలం పొగ మొదలైంది. హ్యాండిల్ తిప్పితే ముందున్న బిగువు లేదు. పది పదిహేనుసార్లు తిప్పితే గానీ అంటుకోవడం లేదు. అయ్య "పాతదైపోయింది పాపం" అనేవాడు. నేను బంతి ఆట మీద వున్నాను.

జూన్ మొదట్లో, మనకు స్కూలు తెరవడానికి కొన్ని రోజుల ముందు, మా పక్కింటి అక్క కూతురికి బాగా జ్వరం వచ్చింది. అయ్య పడవ తీశాడు. నేనూ ఎక్కాను. నడి ఏట్లోకి పోయేసరికి ఇంజను వేడెక్కి, డుబ డుబమని రెండుసార్లు కొట్టుకుని ఆగిపోయింది. అయ్య ఎంత తిప్పినా అంటుకోలేదు. అదే టైంకి గాలి లేచింది. ఎండాకాలం కదా, నీళ్లు తగ్గి రాళ్లు బయటపడి వున్నాయి. పడవ అడ్డం తిరిగి ఆ రాళ్ల వైపే పోతోంది. గెడ వేస్తే కింద అందలేదు. అయ్య ఒక పక్క, నేను ఒక పక్క తెడ్లు వేశాం. ఆ అక్క పాపను గట్టిగా పట్టుకుని గంగమ్మకు మొక్కుకుంటోంది. చివరికి గెడ అందింది. రేవుకు చాలా కింద ఒడ్డు పట్టుకున్నాం. అయ్య పాపను భుజం మీద వేసుకుని ఇసుకలో నడిచి ఆస్పత్రికి తీసుకుపోయాడు. మందు పడింది, జ్వరం తగ్గింది. పాప బాగానే వుంది. అది రాయగలుగుతున్నందుకు నాకు సంతోషం.

మర్నాడు మేస్త్రీ వచ్చి పుల్ల తీసి వాసన చూశాడు. "ఇది ఇంజనాయిలు కాదు, గేరాయిలు. గంధకం కంపు కొడుతోంది, నువ్వే చూడు" అన్నాడు. అయ్యకు కోపం వచ్చింది. "మా పిల్లోణ్ణి చూసి షాపోడు మోసం చేశాడు, పోయి అడుగుతా" అని తువ్వాలు భుజాన వేసుకుని బయల్దేరాడు. అప్పుడిక దాచలేకపోయాను. నేనే అడిగి తెచ్చానని, అరవై రూపాయలు దాచుకున్నానని చెప్పేశాను. కొడతాడనుకున్నాను. కొట్టలేదు. చాలాసేపు గోదారి వైపు చూసి, "చదువు రానోణ్ణి నేను పోయినా, నలభై అని నోటితో అడిగి తెచ్చుకునేవాణ్ణి" అన్నాడు. కొడితేనే బాగుండేది.

తర్వాత మేస్త్రీ ఇంజను విప్పాడు. పిస్టన్ రింగులు గాడుల్లో నల్లటి తారులాగ అంటుకుపోయి కదలడం లేదు. అందుకే బిగువు పోయింది. గన్ మెటల్ బుష్ కూడా అరిగింది. సామాన్లన్నీ డీజిలుతో కడిగే పని నాకిచ్చారు. కడుగుతూ వుంటే మేస్త్రీ చెప్పిన విషయాలు నోటుబుక్కులో రాసుకున్నాను. మీకూ పనికొస్తాయని ఇక్కడ రాస్తున్నాను.

1. ఇంజనాయిలు నంబర్లు వేరు, గేరాయిలు నంబర్లు వేరు. రెండిటికీ కొలత ఒకటి కాదు. తొంభై నంబరు గేరాయిలు నిజానికి నలభై, యాభై నంబరు ఇంజనాయిలంత చిక్కదనమే వుంటుంది. కాబట్టి నేను వేసిన లెక్కే తప్పు.

2. గేరాయిల్లో పళ్ల చక్రాల రాపిడి కోసం గంధకం మందు కలుపుతారు. అది ట్రాక్టరు గేరు బాక్సుకు మంచిది. ఇంజను వేడికి అదే మందు గన్ మెటల్‌ను తినేస్తుంది. పైగా మసిని కడిగే గుణం దానికి వుండదు.

3. డబ్బా మీద నంబరుతో పాటు ఇంగ్లీషు అక్షరాలు చూడాలి. 'సి'తో మొదలైతే డీజిలు ఇంజనుకు, 'ఎస్'తో మొదలైతే పెట్రోలు ఇంజనుకు. మా ఇంజను పుస్తకంలో సి.డి. అని వుంది. అది దొరక్కపోతే తర్వాత వచ్చిన సి.ఎఫ్.4, సి.హెచ్.4 వాడొచ్చు.

4. 15 డబ్ల్యూ 40 అని వుంటే, డబ్ల్యూ అంటే చలికాలం. చల్లగా వున్నప్పుడు పలచగా పారుతుంది, వేడెక్కాక నలభై నంబరులాగే వుంటుంది. మా ఇంజనుకు ఉత్త నలభై అయినా, ఇదైనా సరిపోతుంది.

5. డీజిలు ఇంజనులో ఆయిలు తొందరగా నల్లబడితే భయపడకూడదు. మసిని కడిగి తనలో పట్టుకుంది కాబట్టే నల్లబడింది. కానీ కాఫీలో పాలు కలిసినట్టు తెల్లగా మారితే నీళ్లు దిగాయని. పోయకుండానే లెవలు పెరిగి డీజిలు వాసన వస్తే డీజిలు కారుతోందని. అప్పుడు ఇంజను నడపకూడదు.

6. అరిగిన ఇంజనుకు చిక్కటి ఆయిలు వైద్యం కాదు. పొగ కొన్నాళ్లు తగ్గినట్టు కనిపిస్తుంది, అరుగుదల లోపల అట్లాగే వుంటుంది. ఇంజను పుస్తకంలో వున్నదే పోసి, టైముకు మార్చి, రింగులు వేయించడమే దారి.

7. పాత ఆయిలు ఇంజను వేడి మీద వున్నప్పుడు దించితే మురికి కూడా కలిసి వస్తుంది. దించినదాన్ని గోదారిలో పారబోయకూడదు. చేపలు మనవే, నీళ్లు మనవే.

కొత్త రింగులకు, బుష్‌కు అయ్య అప్పు చేశాడు. మూడు వారాలు పడవ నడవలేదు. మా వూరివాళ్లు సంతకు కొండ దారిన నడిచిపోయారు. ఎవరూ నన్నేమీ అనలేదు, ఎందుకంటే అయ్య ఎవరికీ చెప్పలేదు. అందుకే ఇప్పుడు నేనే రాస్తున్నాను.

స్కూలుకు వచ్చే ముందురోజు అయ్య ఖాళీ డబ్బా తెచ్చి నా ముందు పెట్టి, "ఆ అక్షరాలేవో నాకు చూపించరా" అన్నాడు. 'సి' చూపించాను. "ఇది నెలవంక లెక్క వుంది" అన్నాడు. 'ఎస్' చూపిస్తే "ఇది పాము" అన్నాడు. నాలుగు, సున్నా కూడా బొగ్గుతో నేల మీద రాసి దిద్దించాను. దసరా సెలవులకు పోయేసరికి అయ్య తనే ఆయిలు తెచ్చాడు. నెలవంక వున్న డబ్బా, నలభై నంబరు. నాకు చూపించి "సరిగ్గా వుందా, చూడు" అన్నాడు. సరిగ్గానే వుంది.

మిత్రులారా, ఇంటి దగ్గర మనల్ని చదువుకున్నవాళ్లని నమ్ముతారు. నేను అంకె చదివి, అక్షరాలు వదిలేశాను. మీ ఇంట్లో ఆయిలు డబ్బా గానీ, పురుగుల మందు సీసా గానీ, మాత్రల అట్ట గానీ మీ చేతికిచ్చి "చూసి చెప్పు" అంటే, మొత్తం చదివి చెప్పండి. తెలియకపోతే తెలియదని చెప్పండి.

ఇట్లు,
మీ తోటి విద్యార్థి,
9వ తరగతి.