వారంటీ తగవు

వస్తువుతో వచ్చు వారంటీ పత్రమును మనలో ననేకులు చదువకయే మడిచి దాచుదురు. అందలి ప్రతి పదమునకును వెల యున్నదని గత సంవత్సరము మాకు తెలియవచ్చెను.

చెన్నపట్టణమునకు సమీపమున, శ్రీపెరుంబుదూరు చెంతనున్న ఇరుంగాట్టుకోట్టైలో కార్ల పందెముల బాట కలదు. మా మేనల్లుడు మా కారును గొనిపోయి యచ్చట నొకదినము శిక్షణ పొందెను. మూడు మాసములకు స్టీరింగు మోటారు చెడెను. మరమ్మతునకు 48,000 రూపాయలగునని చెప్పి, పందెపు బాటపై నడిపిన బండికి వారంటీ చెల్లదని విక్రయశాలవారు త్రోసిపుచ్చిరి.

బాట సంగతి లేదని బొంకుడని కొందఱు మిత్రులు చెప్పిరి. మేమందుల కొప్పుకొనలేదు. ఉన్నది ఉన్నట్లు చెప్పియే వాదింపదలచితిమి.

వేఱొక మెకానికుచే మోటారును విప్పింపగా లోపల త్రుప్పు కనబడెను. రబ్బరు సీలు సరిగా నతుకనందున నీరు దిగినది. అతివేగమువలన బ్రేకులు కాగును, టైర్లరుగును. మోటారులోనికి నీరు రాదు. ఛాయాచిత్రములను, మెకానికు వ్రాసియిచ్చిన యభిప్రాయమును జతపఱచి, పందెమునకును శిక్షణకును గల భేదమును జూపి, నిరాకరణకు కారణమును వ్రాతమూలముగా దెలుపుడని కోరితిమి. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము ననుసరించి, రెండేండ్ల గడువులోపల జిల్లా కమిషనులో ఫిర్యాదు చేయుదుమనియు వ్రాసితిమి. నెల దినములకు వారు మోటారును ఉచితముగా మార్చిరి.

బ్రేకులే అరిగియుండినచో ఆ వెల మేమే చెల్లించి యుందుము. విద్యార్థులారా! తగవు వచ్చినప్పుడు కేకలు వేయకుడు. నిజమును దాపక చెప్పి, ఎదుటివారిని కారణమడుగుడు.