ఆ జాగాకు ముందే ఒక పేరుంది

మున్సిపాలిటీ ఉద్యాన విభాగంలో పార్కు తయారుచేయడం నాకు అలవాటైన పనే. బోరు వేయించడం, ఎర్రమట్టి తోలించడం, కానుగ, వేప మొక్కలు నాటించడం, వాకింగ్ ట్రాక్ పోయించడం వరుసగా జరిగిపోతాయి. ఓపిక కావలసింది పేరు దగ్గర. లేఅవుట్ వేసినవాళ్లు 10 శాతం జాగా ఖాళీగా వదిలి, గిఫ్ట్ డీడ్‌తో మున్సిపాలిటీకి రాసిస్తారు. ఫైల్లో అది ఒక సర్వే నంబరు, ‘ఓపెన్ స్పేస్’ అన్న మాట, అంతే. పేరు రావాలంటే కౌన్సిల్ తీర్మానం కావాలి.

మా పట్టణం శివారులోని కొత్త కాలనీ పార్కుకు ఇంకా కంచె కూడా పడలేదు, దరఖాస్తులు మాత్రం వచ్చేశాయి. లేఅవుట్ వేసినాయన తండ్రి పేరు పెట్టమన్నాడు. కాలనీ సంఘానికి ఇంగ్లీషు పేరు మీద మనసు. ఒక పార్టీవాళ్లు తమ నాయకుడి పేరు రాసుకొచ్చారు.

నాయకుల పేర్లు పెట్టకూడదని నేననను. హుస్సేన్‌సాగర్ ఒడ్డున సంజీవయ్య పార్కు ఉంది. 1960లో దామోదరం సంజీవయ్య ముఖ్యమంత్రి అయ్యేదాకా దేశంలో ఏ రాష్ట్రానికీ దళితుడు ముఖ్యమంత్రి కాలేదు. ఈ పేరెవరిదని పిల్లవాడు అడిగితే తండ్రి చెప్పడానికి ఎంతో ఉంది. కానీ 1964 నుంచి 1971 దాకా ముఖ్యమంత్రిగా ఉన్న కాసు బ్రహ్మానందరెడ్డి పేరు జనం నోట ‘కేబీఆర్ పార్కు’ అయిపోయింది. పొద్దున్నే అక్కడ నడిచేవాళ్లలో ఆ మూడక్షరాల వెనకున్న మనిషి ఎందరికి గుర్తొస్తాడు? లుంబినీ పార్కుకు 2006లో టి. అంజయ్య పేరు చేర్చారు. ఆటో ఎక్కేవాళ్లు ఇప్పటికీ లుంబినీ అనే చెబుతారు. పొడుగు పేరును జనం తమకు వీలైనంత కురచ చేసుకుంటారు. ఎవరిని గౌరవించాలని పెట్టామో, ఆ కురచలో ముందు పోయేది ఆయనే. అది నాకు బాధగా ఉంటుంది.

ఇంకో సంగతీ ఉంది. పార్కు బెంచీ మీద అన్ని కులాలవాళ్లూ, అన్ని పార్టీలవాళ్లూ పక్కపక్కన కూర్చోవాలి. గేటు మీది పేరు చూసి ఒక్కరైనా ఇది మాది కాదనుకుంటే, లోపల నేను పెంచిన నీడ వాళ్లకు చేరనట్టే.

అందుకని ప్లాట్లు పడకముందు ఆ జాగా ఏమిటో తెలుసుకుందామనుకున్నాను. పాత పహాణీలో సాగు వివరాలున్నాయి, పేరు లేదు. పేరు దొరికింది మా దగ్గర కలుపు తీసే అవ్వ దగ్గర. ఆమె ఆ పక్క ఊరి మనిషే. ‘‘అవ్వా, ఈ చెలకను అప్పట్ల ఏమనేటోళ్లు?’’ అని అడిగాను.

‘‘గిది చింతబాయి కాడి జాగ గద సారూ! మా అత్తతోని ఈడనే నాటేసిన. ఎండకాలం సుట్టుపక్కలోళ్లందరూ గా బాయి నీళ్లే తాగేటోళ్లు’’ అంది.

బావిని లేఅవుట్ వేసేటప్పుడే పూడ్చేశారు. చింతచెట్టు మాత్రం ఈశాన్యం మూల ఇంకా ఉంది. కంచెను దాని అవతలికి జరిపించాను. తర్వాత పాలు పోసేవాళ్లను, మేకలు కాసేవాళ్లను అడిగి చూశాను. అందరూ అదే పేరు చెప్పారు. ఎవరెవరు ఏం చెప్పారో రాసి నోట్ ఫైల్లో పెట్టాను.

కౌన్సిల్ సమావేశంలో వాదన గట్టిగానే నడిచింది. అది పల్లెటూరి పేరనీ, ప్లాట్ల ధర మీద దెబ్బపడుతుందనీ అన్నారు. బావిని ఎలాగూ కాపాడుకోలేదు, పేరునైనా ఉంచుదామని చెప్పాను. ఆ పొలాల్లో పనిచేసినవాళ్ల పిల్లలు ఇప్పుడు అదే కాలనీ ఇళ్లలో పనికి వస్తున్నారనీ, ఈ పేరు వాళ్ల పెద్దలదనీ గుర్తుచేశాను. నాయకుడి పేరును కొత్త గ్రంథాలయానికి ప్రతిపాదించడానికి ఆ పార్టీవాళ్లు ఒప్పుకున్నాక దారి దొరికింది. పుస్తకాలున్నచోట ఆయన జీవితం గురించి నాలుగు మాటలు రాసిపెట్టే వీలుంటుంది కూడా. చివరికి మిగిలింది ‘బావి’ అని రాయాలా, ‘బాయి’ అనా అన్న ప్రశ్న. ‘బాయి’ అనే రాయాలని పట్టుబట్టింది ఒక మహిళా కౌన్సిలర్. తీర్మానం అలాగే ఆమోదం పొందింది.

పార్కు స్థలం చేతికి రాగానే, బోరు పాయింటు చూడకముందే, ఇప్పుడు పాత పేరు అడిగి ఫైలు మొదటి పేజీలో రాసుకుంటున్నాం. ఈమధ్య వచ్చిన జాగా ఒక కుంట పక్కది. దాని పేరు మీద రెండు ఊళ్లవాళ్లు రెండు రకాలుగా చెబుతున్నారు. పాత రైతులిద్దరినీ ఒకచోట కూర్చోబెట్టి అడగాలి.