నాన్‌కౌరి రేవు

నికోబారు దీవులలో నాన్‌కౌరి చిన్నది. దాని రేవు మాత్రము పెద్దపేరు గలది. ఎదుటి కమోర్టా దీవికిని దీనికిని నడుమ సముద్రము చెరువువలె నిలిచియుండును. 1768లో మొరేవియన్ క్రైస్తవ సంఘమువారు కొందరు తరంగంబాడినుండి వచ్చి ఈ రేవున దిగిరి. తరంగంబాడి అప్పుడు డేనిషువారి పట్టణము. నికోబారు దీవులును తమవే యని వారు చెప్పుకొనుచుండిరి. వచ్చినవారు పండితులు కారు. చేతిపనులతో పొట్టపోసికొనుచు సువార్త చెప్పు సామాన్యులు.

1779లో వారిని చేరిన యోహాన్ గాట్‌ఫ్రీడ్ హెన్సెల్ సుమారు ఏడేండ్లు అచ్చట గడపెను. చాలకాలమునకు పిమ్మట ఆ దినములను తలచుకొని లాట్రోబ్ అను మిత్రునకు లేఖలు వ్రాసెను. 1812లో లండనులో అవి పుస్తకరూపమున వెలువడెను. ఆ మిషనువారిలో అప్పటికి బ్రదికియున్నవాడు ఆయన యొక్కడే యని ముఖపత్రముననే అచ్చువేసిరి. పుటలు విప్పకమునుపే పాఠకునకు కథ సగము తెలిసిపోవును.

అయినను ఈ లేఖలలో ఏడుపు తక్కువ. శంఖములు, గవ్వలు, పాములు సేకరించి తరంగంబాడికి పంపుటయు ఆయన పనులలో నొకటి. అందుకై తీరము వెంబడి ఎంతో దూరము పోయెడివాడు. ప్రొద్దుగ్రుంకినచో ఇసుకలో గొయ్యి త్రవ్వి, తలమాత్రము పైకుంచి, ఒడలంతయు ఇసుకతో కప్పుకొని నిద్రించెడివాడు. పెంపుడుకుక్క ఆయనమీద అడ్డముగా పండుకొనెడిది. మొసళ్ల భయ మాయనకు లేదు. రాత్రులందు తిరుగు పీతలే బాధ; వాని డొప్పల గరగర నిద్ర పట్టనీయదు. దగ్గరకు వచ్చిన పీతను కుక్క నోటకరచి దూరముగా విసరివైచును. మరీ పెద్దపీత యైనచో ముక్కు చాచుటకు జంకి మొరుగును. ఆ మొరుగుడుకే తాను ఎక్కువగా ఉలికిపడెడివాడనని ఆయన నవ్వుచు చెప్పును. మతప్రచారకుల వ్రాతలలో ఇట్టి నవ్వు అరుదు.

భాష మాత్రము ఆయనకు లొంగలేదు. దీవివారు ఎడతెగక తాంబూలము నమలుటచే మాట స్పష్టముగా వినబడదని ఆయన ఫిర్యాదు. ఏండ్లు గడచినను పరభాష పట్టుబడనప్పుడు నేరమును తమలపాకుమీదకు నెట్టుట ఏ అనువాదకునకైనను అర్థము కాగల బలహీనత! వచ్చీరాని మాటలతోనే క్రీస్తు మరణమును గూర్చి చెప్పిరి. ఒకడు పడిన బాధ మరియొకని తప్పు నెట్లు తీర్చును, చెడ్డవాడు తన శిక్ష తానే అనుభవింపవలదా యని వినినవారు అడిగిరి. ఆ ప్రశ్న మన పల్లెలో పుట్టినను ఎవరును ఆశ్చర్యపడరు.

మిషనును ముగించినది ఈ ప్రశ్న కాదు, జ్వరము. పదునొకండుగురు నాన్‌కౌరిలోనే మట్టిలో కలసిరి. తరంగంబాడికి తిరిగిపోయినవారిలో మరి పదుముగ్గురు అనతికాలముననే చనిపోయిరి. ఆ కాలమువారు చెడుగాలి నిందించిరి. రొనాల్డ్ రాస్ మన సికింద్రాబాదులో దోమ కడుపున మలేరియా క్రిమిని చూచినది 1897 ఆగస్టులో. పీతలను కాచిన కుక్క దోమలను కాచలేదు గదా!

ఆ దీవులలో ఆ మతము వేళ్లూనినది వేరొక చోట, కార్ నికోబారున. ఆ వేళ్లు పోసినవాడు ఒక తమిళ ఉపదేశి, వేదప్పన్ సాలమన్. ఆయన శిష్యుడైన నికోబారీ బాలుడు జాన్ రిచర్డ్‌సన్ బర్మాలో చదివి వచ్చి, క్రొత్తనిబంధనను తన తల్లిభాషలోనికి తెచ్చెను, బిషప్పయ్యెను, 1952లో మొదటి లోకసభలో కూర్చుండెను. ఆయనకు భాష నేర్చుకొను పని లేకపోయెను.

హెన్సెల్‌కు ఇవేవియు తెలియవు. 1787లో మిషనును మూసివేయు పని ఆయనకే అప్పగించిరి. మిగిలిన సామగ్రిని సర్దుచు ఆయన మాటిమాటికి శ్మశానవాటికకు పోయి, ఆ పదునొకండు సమాధులయొద్ద కూర్చుండి ఏడ్చెను. ఇదంతయు వృథా కానేరదని తనలో తాననుకొనెను. బయలుదేరు దినమున దీవివారు గుమిగూడి గొల్లున ఏడ్చి, త్వరలో మరల రమ్మని వేడుకొనిరి. వారి బోధనొల్లనివారే ఇట్లు ఏడ్చిరి. ఓడ రేవు దాటెను. ఆ సంఘమువారు మరల రాలేదు.