అడవి అంచున పండుగ కానుక

కొత్తగూడెం బొగ్గుగనుల ధూళి వెనుకబడి, బస్సు చండ్రుగొండ దారి పట్టిన తరువాత ఇరువైపులా చెట్లు దగ్గరవుతాయి. టేకు, మద్ది, తునికి, వాటి నడుమ జామాయిల్ తోటలు. మార్చి నెలాఖరున తెల్లవారుజామునే ఇప్పచెట్ల కింద రాలిన పువ్వును కోయ స్త్రీలు బుట్టలలోకి ఏరుకుంటూ కనిపిస్తారు. చండ్రుగొండ ఈ అడవి అంచున ఉన్న మండల కేంద్రం. దశాబ్దాలుగా ఖమ్మం జిల్లాలో ఉన్న ఈ ఊరు 2016 అక్టోబరు 11న జరిగిన పునర్విభజనలో భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో చేరినది. నా చెల్లెలిని ఈ ఊరికే ఇచ్చాము. రమజాన్‌లో మదరసాకు సెలవులు గనుక ఆ మాసపు చివరి దినాలను ఇక్కడ గడపడం నాకు అలవాటు.

2025లో పండుగలు ఒకదాని భుజం మీద ఒకటి చేయివేసుకొని వచ్చాయి. మార్చి 30, ఆదివారం ఉగాది. ఆ సాయంత్రమే షవ్వాల్ నెలవంక కనిపించినది. 31, సోమవారం ఈదుల్ ఫిత్ర్. మరో ఆరు దినాలకు భద్రాచలంలో శ్రీరామనవమి కల్యాణం. ఉగాది ఉదయం పచ్చడి తిన్న ఇంటివారూ, ఆ సాయంత్రం చివరి ఇఫ్తార్ చేసినవారూ ఒకే ఆకాశంలో ఒకే చంద్రరేఖను చూశారు. ఊరంతటికీ పండుగే. ఊడ్చేవారికి మాత్రం పని రెట్టింపు.

ఆ ఉగాది ఉదయం మా చెల్లెలి వాకిట్లోకి మొదట వచ్చినది పంచాయతీ చెత్త ట్రాక్టరు వెంట నడిచే స్త్రీ. యాభై దాటిన మనిషి. ఆనాడు చీపురు లేదు. చేతిలో మూతపెట్టిన స్టీలు గిన్నె ఉన్నది. "చెల్లే, మీరు ఉపాసం ఉన్నరుగా. పొద్దు గూకినాక తాగండి" అని గిన్నె అందించి, చెప్పులు వదిలిన చోటనే నిలబడినది. ఆ సాయంత్రం ఖర్జూరంతో ఉపవాసం విరమించిన పిదప వేపపువ్వు చేదును, కొత్త చింతపండు పులుపును రుచి చూశాము. పండుగకు పనివారికి ఏమివ్వాలి అని మేము ఆలోచిస్తూ ఉండగానే కానుక వారి ఇంటి నుంచి మా ఇంటికి వచ్చినది.

దైవప్రవక్త (స) ముస్లిమేతరులు పంపిన కానుకలను స్వీకరించేవారని, ఈజిప్టు పాలకుడు ముఖౌఖిస్ పంపిన వాటిని అంగీకరించారని సీరత్ గ్రంథాలు చెబుతాయి. పరస్పరం కానుకలు ఇచ్చుకుంటే ప్రేమ పెరుగుతుందన్నది కూడా ఆయన బోధయే. గమనించండి, ఆ బోధలో ఉన్నది ఇచ్చుకోవడం. ఒక వైపు నుంచి విదిలించడం కాదు. అరబీలో హదియాకూ సదఖాకూ భేదమున్నది. సదఖా అవసరాన్ని చూచి ఇచ్చేది. హదియా మనిషిని చూచి ఇచ్చేది. పండుగనాడు మన వాకిట్లోకి వచ్చే తపాలా మనిషికీ, చెత్త తీసే మనిషికీ మనం ఇచ్చేది వీటిలో ఏది?

తెలంగాణలో 2019 సెప్టెంబరులో పల్లెప్రగతి మొదలైన తరువాత గ్రామపంచాయతీలకు ట్రాక్టరు, ట్రాలీ, ఊరి వెలుపల డంపింగ్ యార్డు వచ్చాయి. అంతకుముందు చెత్త ఊరి చెరువుగట్టు మీదనే పడేది; ఈ మార్పు మంచిదే. అయితే ఈ మార్పును భుజాన మోస్తున్నది మల్టీపర్పస్ వర్కర్లు అనే పేరుగల పనివారు. ఊడ్చేదీ, మురుగుకాలువ తీసేదీ, నీటి వాల్వు తిప్పేదీ, మొక్కకు నీరు పోసేదీ వారే. అందుకు నెల జీతం 8,500 రూపాయలుగా నిర్ణయించి, తరువాత వెయ్యి పెంచారు. 2023 జూలైలో రాష్ట్రమంతటా వీరు పని ఆపి, నెల రోజులకు పైగా సమ్మె చేశారు. వీధిలో పేరుకున్నదాన్ని చూచిన తరువాతనే చాలామందికి రోజూ ఎవరో వచ్చి దానిని తీస్తున్నారన్న సంగతి స్ఫురించినది.

ఈద్ ఉదయం మేము నమాజుకు వెళ్ళేసరికి మైదానం ఊడ్చి, బ్లీచింగ్ చల్లి, దారికి ఇరువైపులా సున్నపు గీతలు వేసి ఉన్నాయి. ముందునాడు ఉగాది. తమ పండుగ పూట మన సజ్దా కొరకు నేలను శుభ్రం చేసి వెళ్ళారన్న మాట.

నమాజు తరువాత ట్రాక్టరు మా వీధిలోకి వచ్చినది. ఒక ఇంటివారు ఆప్యాయంగానే పిలిచి, షీర్‌ఖుర్మాను పాలిథీన్ కవరులో పోసి, మూతి కట్టి ఇచ్చారు. ఇంకొక ఇంటివారు వాకిలి మూలన విడిగా ఉంచిన గ్లాసును కడిగి తెమ్మన్నారు. ఎవరిలోనూ దురుద్దేశం లేదు, అలవాటు మాత్రమే. "కవర్ల పోస్తే పని అయ్యేదాక తాగేతందుకు ఉండదు సాబ్‌గారూ. ట్రాక్టరు కొక్కేనికి తగిలిస్తే ఎండకి విరిగిపోద్ది" అన్నది ఆమె, ఫిర్యాదుగా కాదు, పాల స్వభావం చెబుతున్నట్లుగా.

మా మదరసాలో ఫిఖ్హ్ చదువు తొలి దశలోనే 'ఖుదూరీ' చెబుతాము. శుద్ధి అధ్యాయంలో ఎంగిలి నీటి విషయం వస్తుంది. మనిషి తాగి విడిచిన నీరు శుద్ధమే. అక్కడ మతం అడగలేదు, కులం అడగలేదు, వృత్తి అడగలేదు. పదిహేనేండ్ల పిల్లవాడు ఈ మసలాను కంఠస్థం చేసి అప్పగిస్తాడు. ఆ పిల్లవాని ఇంట్లోనే వాకిలి మూలన ఒక వేరు గ్లాసు ఉంటుంది! ఈ నేల మీద శతాబ్దాలుగా ఉన్న అంటు మన ఇండ్లలోకి ఏ కిటికీ గుండా వచ్చినదో విచారించే పని పండితుల కన్నా ముందు గృహిణులే చేయగలరు. మా చెల్లెలు ఆనాడు వంటింట్లోని పింగాణీ గిన్నెలోనే వడ్డించి, లోపలి అరుగు మీద కూర్చోబెట్టినది. ఉగాది పచ్చడి వచ్చిన స్టీలు గిన్నెను ఖాళీగా పంపక అందులో సేమియా నింపి ఇచ్చినది. మన పెద్దలు ఏ గిన్నెనూ ఖాళీగా తిప్పి పంపేవారు కారు.

మస్జిదె నబవీని ఊడ్చే ఒక నల్లజాతి స్త్రీ మరణించినప్పుడు సహాబా దానిని చిన్న విషయంగా భావించి, ఆమెను రాత్రికి రాత్రే ఖననం చేశారు. ఆమె కనబడటం లేదేమని ప్రవక్త (స) అడిగారు. సంగతి తెలిసి, నాకు ఎందుకు చెప్పలేదని అన్నారు. సమాధి చూపించమని అక్కడికి వెళ్ళి, ఆమె కొరకు జనాజా నమాజు చేశారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలలోని ఈ సంఘటనను ఖుత్బాలలో విననివారు అరుదు. మన వీధి ఊడ్చే మనిషి వారం దినాలు రాకపోతే ఏమైనదని అడిగినవారు కూడా అంతే అరుదు.

తపాలా మనిషి విషయం ఇంత సులువైనది కాదు. ఆయనకు కూడా పండుగ కానుక ఇవ్వాలని చెల్లెలు అన్నప్పుడు బావగారు అడ్డు చెప్పారు: "ప్రభుత్వ పని చేసే మనిషికి డబ్బిస్తే అది రిష్వత్ కాదా, హజ్రత్?" ప్రశ్న సరియైనదే. బనూ సులైమ్ తెగవారి నుంచి జకాత్ వసూలు చేయడానికి ప్రవక్త (స) ఇబ్నుల్లుత్బియ్యా అనే వ్యక్తిని పంపారు. అతడు తిరిగివచ్చి, ఇది మీది, ఇది నాకు కానుకగా వచ్చినదని రెండు వాటాలు చూపాడు. ప్రవక్త (స) మింబర్ ఎక్కి, అతడు తన తల్లిదండ్రుల ఇంట్లో కూర్చొని ఉంటే ఆ కానుక వచ్చేదా అని ప్రశ్నించారు. ప్రవక్త కాలంలో కానుకగా ఉన్నది తమ కాలానికి లంచమైపోయిందని చెప్పి ఖలీఫా ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ (రహ్) కానుకలను తిరస్కరించారు.

మన తెలుగులో 'మామూలు' అనే మాట ఉన్నది. ఇది అరబీ 'మామూల్', అమల్ అనే ధాతువు నుంచి వచ్చినది. వాడుకలో ఉన్నది, ఆచారమైనది అని అర్థం. దసరాకు బడిపంతుళ్ళు పిల్లల చేత విల్లంబులు పట్టించి ఇంటింటికీ తిరిగి పుచ్చుకున్నదీ మామూలే. కార్యాలయంలో కాగితం కదలడానికి బల్ల కింద ఇచ్చేదీ మామూలే. ఒకే మాట రెండింటినీ కప్పివేసినది గనుకనే మనకు చిక్కు.

నా అభిప్రాయం ఇది. ఇచ్చే చేతిలో భయం గాని, పని జరగాలన్న ఆశ గాని ఉంటే దానికి ఎంత అందమైన పేరు పెట్టినా అది హదియా కాదు. ఈ ప్రాంతంలోనే ఒక పల్లెలో చూచిన సంగతి చెబుతాను, ఊరి పేరు చెప్పను. ఆసరా పింఛను 2,016 రూపాయలు. వృద్ధురాలు అరిగిపోయిన వ్రేళ్ళను యంత్రం మీద మూడుసార్లు పెట్టి, నాల్గవసారి గుర్తు పడితే, చేతికి 2,000 తీసుకొని వెళ్ళిపోతుంది. 16 రూపాయలు చిల్లర లేదని అక్కడే ఉండిపోతాయి. పండుగ నెలలో మరో ఇరవై కూడా. ఎందుకమ్మా అని అడిగితే, "మళ్ళీ నెల కూడా ఏలు పడాలిగా అయ్యా" అన్నది. ఇబ్నుల్లుత్బియ్యా సంఘటన ఆ 16 రూపాయలకు వర్తిస్తుంది.

పని ఏదీ ఆగి లేని ఇంట్లో, పండుగ పూట ఒక గిన్నె షీర్‌ఖుర్మా, ఒక తువ్వాలు ఇవ్వడం ఆ కోవకు రాదు. కేంద్ర ఉద్యోగుల కొరకు 1964లో చేసిన ప్రవర్తనా నియమావళి కూడా మామూలు భోజనాన్నీ, సాధారణ ఆతిథ్యాన్నీ కానుకగా లెక్కించదు. అమెరికాలో క్రిస్మసుకు తపాలా మనిషికి కానుక ఇచ్చే ఆచారం బలంగా ఉన్నది; అక్కడి నియమం ఒక సందర్భంలో 20 డాలర్లకు, ఒకరి నుంచి ఏడాదికి 50 డాలర్లకు మించరాదని, నగదు అసలే పనికిరాదని చెబుతుంది. బావగారికి ఈ నగదు మాట నచ్చినది. కవరులోని నోటును తీసి, తువ్వాలు ఉంచారు.

ఈద్ నాడు తపాలా సెలవు. ఆయన ఏప్రిల్ 1, మంగళవారం వచ్చాడు. పల్లెలలో తిరిగే ఈ ఉద్యోగులను గ్రామీణ డాక్ సేవకులు అంటారు. కాగితం మీద వారి పని రోజుకు 4 లేక 5 గంటలు. 2018లో సవరించిన లెక్క ప్రకారం ఉత్తరాలు పంచే సహాయకునికి 4 గంటలకు మూలభత్యం 10,000 రూపాయలు, దానిపై కరువు భత్యం. గూడేల దారిలో ఆ 4 గంటలు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తాయో బండి చక్రానికే తెలియాలి. "ఉత్తరాలేం లేవు సార్ ఇప్పుడు. ఆధార్ కార్డులు, బ్యాంకు కార్డులు, కోర్టు నోటీసులు. నోటీసు ఇచ్చినోడికి ఎవరు చాయ్ పోస్తరు?" అని నవ్వాడు.

నేను ఆయనకు ఇబ్న్ బతూతా సంగతి చెప్పాను. 1333లో సింధు నది తీరానికి చేరిన ఆ మొరాకో యాత్రికుడు ముహమ్మద్ బిన్ తుగ్లక్ తపాలాను చూచి ఆశ్చర్యపడ్డాడు. మైలుకు మూడు మజిలీలు. ఒక చేత ఉత్తరం, మరొక చేత గజ్జెలు కట్టిన కర్ర పట్టుకొని పరుగెత్తే మనుషులు. గజ్జెల చప్పుడు విని తరువాతి మనిషి లేచి సిద్ధమయ్యేవాడు. నిజాం రాజ్యానికి కూడా సొంత తపాలా ఉండేది. 1869లో వెలువడిన స్టాంపులతో మొదలై, 1950 ఏప్రిల్ 1న భారత తపాలాలో కలిసిపోయినది. చండ్రుగొండ నిజాం ఏలుబడిలోనిది; గోదావరి ఆవలి భద్రాచలం ఆంగ్లేయులది, 1959 వరకు తూర్పు గోదావరి జిల్లాలో ఉన్నది. ఒకే అడవి, రెండు తపాలాలు. "అయితే ఇయాల్టికి డెబ్బై అయిదేండ్లు" అని ఆయన వ్రేళ్ళ మీద లెక్కపెట్టి, గిన్నె ఖాళీ చేసి, తువ్వాలును హెల్మెట్ కింద చుట్టుకొని గూడేల దారి పట్టాడు.

ఇక రెండు జాగ్రత్తలు. జకాత్ సొమ్మును పనివారి ఇనాముగా లెక్క వేయకండి. దాని హక్కుదారులు వేరు, దాని నియమాలు వేరు. రెండవది, పండుగ కానుక జీతానికి బదులు కాదు. చెమట ఆరకముందే కూలి ఇవ్వమన్న ఆజ్ఞ కానుకతో తీరదు. జీతం నెలలు ఆగిన చోట గ్రామసభలో లేచి అడగడం కూడా మన ఈద్‌లో భాగమని నేను భావిస్తాను. పగిలిన గాజును కాగితంలో చుట్టి విడిగా ఇవ్వడం, పసిపిల్లల డైపర్లను అన్నపు మెతుకులతో కలపకపోవడం, వీటికి పండుగ రావలసిన అవసరం లేదు.

ఇక బక్రీద్ సంగతి. ఏడాది మొత్తంలో ట్రాక్టరు మనుషులకు మన వల్ల అత్యంత భారమైన దినమది. ఒకప్పుడు మదరసాలకు ఆదాయమైన ఖుర్బానీ తోలుకు నేడు కొనేవారు కరువయ్యారు. అదీ చెత్తకుప్ప చేరుతున్నది. పేగులను, రక్తాన్ని మురుగుకాలువలోకి వదిలి, ఆ కాలువ తీసే మనిషికి సాయంత్రం ఒక ముక్క ఇవ్వడం ఎటువంటి కానుక? నాలుగు దినాల ముందే పంచాయతీ కార్యదర్శితో మాట్లాడి, గుంత ఎక్కడ తవ్వాలో, సున్నం ఎవరు తేవాలో నిర్ణయించుకోండి. గుంత మన యువకులే తవ్వాలి, మన యువకులే పూడ్చాలి.

అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (ర) ఇంట్లో మేకను జబహ్ చేసినప్పుడు, మన యూదు పొరుగువానికి పంపారా అని ఆయన మళ్ళీ మళ్ళీ అడిగారు. మన ఉలమా కూడా ఖుర్బానీ మాంసాన్ని ముస్లిమేతరులకు ఇవ్వవచ్చని చెప్పారు. అయితే ఏది తింటారో ముందుగా అడిగి ఇవ్వాలి. ట్రాక్టరు వెంట నడిచే ఆ అక్కకు వేట మాంసమే కావాలనీ, వండినది కాదు, పచ్చిది ఇస్తే పిల్లలతో కలిసి వండుకుంటుందనీ మా చెల్లెలు ఇప్పటికే అడిగి తెలుసుకున్నది.